తెలిసినట్లా, తెలియనట్లా? - న్యూయార్కు కోర్టుల కొన్ని తీర్పులు

వీధిలో ఒక గొయ్యి ఉన్నది. ఆ సంగతి ఆ వీధివారందరకును తెలియును. తపాలా బంట్రోతు దానిని దాటి అడుగు వేయును. ఎదుటి అంగడివాడు చీకటి పడినప్పుడు దాని ప్రక్క ఒక పాత డబ్బా నిలిపి పోవును. నగరపాలక సంస్థ ఉద్యోగులు సయితము దినదినము ఆ దారినే పోవుచుందురు. ఒకనాటి రాత్రి ఆ వీధికి క్రొత్తవాడొకడు వచ్చి, అందులో పడి, కాలు విరుగగొట్టుకొనెను. అతడు నష్టపరిహారమునకై దావా వేసినప్పుడు నగరము తరఫు న్యాయవాది లేచి, "అచ్చట గొయ్యి యున్నట్లు మాకు తెలియదు" అని చెప్పును. ఇది కేవలము బొంకని ఎల్లరకును తోచును. కాని అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో న్యాయమూర్తి ఆ మాటను త్రోసివేయుటకు వీలులేదు. అచ్చటి చట్టము దృష్టిలో నగరమునకు తెలియుట యనగా కంట బడుట కాదు, చెవిని పడుట కాదు. వ్రాతమూలకముగా, తగిన అధికారికి, ముందుగా తెలియజేయబడుట.

బీమా విషయములోను ఇట్టి చిక్కే కలదు. ఒక గృహస్థు తన యింటి ముందు ఎవరైన పడి గాయపడినచో చెల్లింపవలసిన సొమ్ముకై పాలసీ తీసికొని, యేటేట ప్రీమియము కట్టుచున్నాడు. ఒకనాడు ప్రమాదము జరిగినది. చిన్నదెబ్బయే గదా యని అతడు కంపెనీకి వ్రాయక యూరకుండెను. ఏడాది దాటిన పిమ్మట దావా నోటీసు ఇంటికి వచ్చినది. ఆ కాగితము పట్టుకొని పోగా కంపెనీవారు, "మాకు సకాలములో తెలియజేయలేదు, కావున మేము చెల్లింపము" అనిరి.

ఈ రెండు ఉదాహరణములందును ప్రశ్న ఒక్కటియే. తెలియజేయలేదన్న కారణముచేత మనిషి హక్కు పోవలెనా? పోవలెనన్నచో, తెలియజేయకపోవుటవలన ఎదుటివారికి నష్టము కలిగినదో లేదో చూడనక్కరలేదా? న్యూయార్కు రాష్ట్రపు న్యాయశాస్త్రము ఈ ప్రశ్నకు బీమా కంపెనీల విషయమున ఒక సమాధానము, పురపాలక సంఘముల విషయమున వేరొక సమాధానము చెప్పుచున్నది. ఆ భేదమును కొన్ని తీర్పుల మూలమున వివరింప దలచినాము. న్యూయార్కులోను, దాని ప్రక్కనున్న న్యూజెర్సీలోను నేడు తెలుగువారు వేలకొలదిగా కాపురములుండి, ఇండ్లు కొని, దుకాణములు నడుపుచున్నారు. కావున ఇది మనకు బొత్తిగా దూరపు ముచ్చట కాదు.

ముందుగా ఆ కోర్టుల పేర్లను గూర్చి ఒక మాట చెప్పవలెను. లేనిచో మన పాఠకులు తికమక పడుదురు. న్యూయార్కులో 'సుప్రీం కోర్టు' అనునది అత్యున్నత న్యాయస్థానము కాదు. దావా మొదట విచారణకు వచ్చు కోర్టునకే అచ్చట ఆ పేరు! దానిపై అప్పీలు వినునది 'అప్పెలేట్ డివిజన్'. అది నాలుగు శాఖలుగా నున్నది. అన్నింటికిని పైన రాజధానియగు ఆల్బనీలో ఏడుగురు న్యాయమూర్తులతో కూడిన 'కోర్ట్ ఆఫ్ అప్పీల్స్' కలదు. ఈ వ్యాసములో 'ఉన్నత న్యాయస్థానము' అన్నప్పుడెల్ల ఆ ఆల్బనీ న్యాయస్థానమనియే గ్రహింపవలెను.

ఇక గొయ్యి సంగతి. న్యూయార్కు నగరములో సుమారు 6,300 మైళ్ల వీధులును, 12,000 మైళ్ల కాలిబాటలును కలవు. ఇంత పొడవున ఏ రాయి కదలినదో, ఏ పలక బీటలు వారినదో నగరము కనిపెట్టి యుండవలెననుట కష్టమే. పూర్వము ఒక లోపము చాలకాలము కంటికి కనబడునట్లు ఉన్నచో, అది నగరమునకు తెలిసియుండ వలసినదే యని కోర్టులు భావించెడివి. దావాలు పెరిగినవి, ఖజానాపై భారము పడినది. అందుచేత 1979లో నగరసభ ఒక స్థానిక చట్టము చేసినది. దానికి జనులు పెట్టిన పేరు 'గోతుల చట్టము'. ఆ లోపమును గూర్చి నగరమునకు ముందుగా వ్రాతమూలకమైన నోటీసు అందియుండవలెను. లేదా అంతకుముందే అచ్చట ఎవరో గాయపడినట్లు వ్రాతగా తెలిసియుండవలెను. లేదా లోపము కలదని నగరమే వ్రాతగా ఒప్పుకొని యుండవలెను. ఆ తరువాత 15 దినములలో బాగుచేయకపోయినప్పుడే నగరముపై దావా నిలుచును. ఇతర పట్టణములును ఇట్టి చట్టములనే చేసికొన్నవి.

ఇందలి విచిత్రమును మన పాఠకులు గమనింపగోరుదుము. గోతిలో పడినవాడు పడకముందు ఆ గోతిని గూర్చి వ్రాయలేడు. తెలిసియున్నచో పడనే పడడు. కనుక అతని హక్కు, అతడెన్నడును చూచి యెరుగని పరోపకారి యెవడో ముందుగా ఒక ఉత్తరము వ్రాసి యుండుటపై ఆధారపడియున్నది. ఆ పరోపకారి ఎక్కడ దొరకును?

న్యాయవాదులు అట్టి పరోపకారిని తామే సృష్టించిరి. 1982లో న్యూయార్కు దావా న్యాయవాదుల సంఘము పూనికతో 'బిగ్ ఆపిల్' అను పేర ఒక సంస్థ వెలసినది. దాని మనుషులు వీధి వీధి తిరిగి, కాలిబాటలలోని లోపములన్నియు పటములపై గుర్తులతో సూచించి, ఆ పటములను నగరపు రవాణా శాఖకు దఖలు పరచిరి. పగులునకు ఒక గుర్తు, గుంటకు ఒక గుర్తు, ఎత్తుపల్లములుగా నున్న పలకకు మరియొక గుర్తు. నగరము అడిగినది వ్రాత. పటమును ఒక విధమైన వ్రాతయే గదా! పటము నోటీసుగా చెల్లునని కోర్టులు అంగీకరించినవి. ఎవరిని బాధింప దలచి ఎవరు చేసిన చట్టము ఎక్కడికి దారితీసినది! లోపములన్నియు వెదకి పట్టుట అసాధ్యమని నగరము మొరపెట్టుకొనగా, ఆ పనిని న్యాయవాదులు చేసి చూపిరి.

అయినను పటము ఉన్నంత మాత్రమున గెలుపు రాదు. 2008లో ఉన్నత న్యాయస్థానము రెండు దావాలను కలిపి విచారించి, పటముపైనున్న గుర్తు సరిగా ఆ లోపమునే తెలుపుచుండవలెననియు, చదువువానికి అర్థముకాని గుర్తుగాని, వేరొక విధమైన లోపమును సూచించు గుర్తుగాని నోటీసు కాజాలదనియు చెప్పినది. రెండింటను నగరమే గెలిచినది. ఒక గీత వంకరగా పడినందున ఒక మనిషి విరిగిన ఎముకకు పరిహారము పోవుట కొంత కఠినముగానే తోచును.

వ్రాత ఎవరికి చేరవలెననునది మరియొక ముడి. హంటింగ్టన్ అను పట్టణములో కాలిబాటల మరమ్మతు పనిని ఇంజనీరింగు శాఖ చూచుచుండెను. ఫిర్యాదులు ఆ శాఖకే పోవుచుండెను. ఆ శాఖయే వానిని నమోదు చేసికొనుచుండెను. ఒక కాలిబాటను గూర్చి అట్లే ఫిర్యాదు పోయినది. పిదప అచ్చట ఒకరు పడి గాయపడిరి. కాని స్థానిక చట్టములో నోటీసు పుచ్చుకొనుటకు అధికారులుగా చెప్పబడినవారు పట్టణపు క్లర్కును, రహదారుల సూపరింటెండెంటును మాత్రమే. 2009లో ఉన్నత న్యాయస్థానము ఆ ఫిర్యాదు చెల్లదని తీర్పు చెప్పినది. బాగుచేయవలసిన శాఖకే చెప్పినను, చట్టము మాత్రము అది చెవిటివాని ముందు శంఖమూదినట్లే యన్నది. అంతకు పదేండ్లకు ముందు, 1999లో, బఫెలో నగరపు దావాలోను ఇదే ధోరణి. కాలిబాటపై విరిగిన గుర్తు స్తంభపు మొదలు తగిలి ఒకరు పడిరి. లోపము ఎంతకాలముగా కనబడుచున్నను, వ్రాత లేనిచో నగరమునకు తెలిసినట్లు ఊహించుటకు వీలులేదనిరి.

ఈ నియమమునకు రెండే మినహాయింపులు. పురపాలక సంఘము తన చేతులారా ప్రమాదమును కల్పించుట ఒకటి. ఆ స్థలమును తన ప్రత్యేక ప్రయోజనమునకు వాడుకొనుట రెండవది. మొదటి దానిలో సయితము ఒక మెలిక పెట్టినారు. పనిచేసిన వెంటనే ప్రమాదస్థితి ఏర్పడవలెనట. గోతిని పైపైన పూడ్చగా ఎండకు వానకు కొన్నాళ్లకు మరల లేచిపోయినచో అది నగరము చేతులారా చేసినది కాదు. 2008 నాటి ఒక తీర్పు అది. కాని మంచు విషయమున న్యాయస్థానము మెత్తబడినది. మౌంట్ కిస్కో అను ఊరిలో సంఘపు పనివారు బండ్లు నిలుపు స్థలమునందలి మంచును ప్రక్కలకు కుప్పవేసిరి. ఆ కుప్ప పగటి వెచ్చదనమునకు కరగి, నీరై పారి, రాత్రి చలికి మరల గడ్డకట్టినది. పనికి వచ్చిన ఒక స్త్రీ దానిపై జారిపడెను. మంచు కరుగుట, గడ్డకట్టుట ఎవరికి తెలియదు? 'వెంటనే' అను షరతు ఇచ్చట వర్తింపదని 2010లో చెప్పిరి. గోతికి ఒక న్యాయము, మంచునకు ఒక న్యాయమా యని అడుగువారు లేకపోలేదు. మాకు మాత్రము మంచు తీర్పే లోకానుభవమునకు దగ్గరగా తోచుచున్నది.

ఇంతవరకు చెప్పినది పాత బాట. ఇటీవలిది, మిక్కిలి ముఖ్యమైనది, 2024 నాటి ఆల్బనీ నగరపు తీర్పు.

ఆల్బనీలో పౌరులు వీధిలోని లోపములను తెలుపుటకు 'సీ క్లిక్ ఫిక్స్' అను ఏర్పాటు కలదు. సెల్‌ఫోనులో గాని, కంప్యూటరులో గాని చోటును గుర్తించి, లోపమును టైపు చేసి, వలసినచో ఫోటో జతపరచి పంపవచ్చును. నగరమే ఒక సంస్థతో ఒప్పందము చేసికొని దీనిని నెలకొల్పినది. ఒక వ్యక్తి లార్క్ స్ట్రీట్ అను వీధిలో మోటారు సైకిలుపై పోవుచు, రోడ్డు పాడైన చోట అదుపు తప్పి పడి గాయపడెను. ఆ ప్రాంతమును గూర్చి అంతకుముందే కొందరు పౌరులు ఈ మార్గమున ఫిర్యాదులు పంపియుండిరి. నగరము వాదమేమి? నగర నియమావళి ప్రకారము వ్రాతమూలకమైన నోటీసు జనరల్ సర్వీసుల శాఖ కమిషనరునకు ఇయ్యవలెను. యంత్రములో టైపు చేసినది అట్టి వ్రాత కాదు. అది కమిషనరునకు ఇచ్చినట్లును కాదు.

ఉన్నత న్యాయస్థానము ఈ వాదమును నిరాకరించినది. అక్షరములలో నున్నది వ్రాతయే. కాగితముపై నున్నదా, తెరపై నున్నదా యనునది ముఖ్యము కాదు. ఆ ఫిర్యాదులు చేరునది కమిషనరు శాఖకే. అట్లు చేరవలెనని ఏర్పాటు చేసినది నగరమే. తానే తలుపు తెరచి పిలిచి, వచ్చినవానితో 'ఇది తలుపు కాదు' అనుట చెల్లదు. ఈ చివరి మాట మాది, తీర్పులోనిది కాదు. కాని దాని సారాంశము ఇంతే. హంటింగ్టన్ తీర్పునకు దీనికి గల తేడాను గమనింపుడు. అచ్చట ఫిర్యాదు పోయినది చట్టములో పేరులేని వేరొక శాఖకు. ఇచ్చట పోయినది చట్టము చెప్పిన శాఖకే, క్రొత్త త్రోవను. కనుక పాత తీర్పు కొట్టివేయబడలేదు. దాని ప్రక్కనే క్రొత్త ద్వారము తెరువబడినది.

గాయపడినవాడు గెలిచినాడని దీనికి అర్థము కాదు. దావాను విచారణ లేకుండ కొట్టివేయుడని నగరము కోరగా, క్రింది కోర్టులు ఒప్పుకొనలేదు. పై కోర్టును ఒప్పుకొనలేదు. ఆ ఫిర్యాదులు సరిగా ఆ చోటిని గూర్చినవేనా, పడుటకు కారణము ఆ లోపమేనా అనునవి విచారణలో తేలవలసిన విషయములు. అయినను ఫలితము పెద్దది. పూర్వము పటములు గీయుటకు ఒక సంస్థయే కావలసివచ్చినది. నేడు బస్సుకై నిలుచున్న ఒక విద్యార్థి రెండు నిమిషములలో చేయు పని, ముందుముందు అపరిచితుడొకని హక్కును నిలుపవచ్చును.

పడిన తరువాత వ్రాయవలసిన కాగితము వేరొకటి ఉన్నది. న్యూయార్కు చట్టము ప్రకారము పురపాలక సంఘముపై దావా వేయదలచినవాడు ప్రమాదము జరిగిన 90 దినములలో క్లెయిము నోటీసు ఇయ్యవలెను. దావాను ఒక సంవత్సరము 90 దినములలో వేయవలెను. ఆసుపత్రి మంచముపై నున్నవానికి 90 దినములు ఇట్టే గడచును. గడువు మీరిన పిమ్మట అనుమతి ఇచ్చుటకు కోర్టునకు అధికారము కలదు. 2016లో పదునారేండ్ల బాలుని విషయమున ఒక మంచి తీర్పు వచ్చినది. వీధి మూలమీద పాఠశాలవారు పెట్టిన ప్రకటన బోర్డు దారిని కనబడనీయక కారు ప్రమాదమునకు కారణమైనదని ఆరోపణ. ఆలస్యమువలన పాఠశాల మండలికి నష్టము కలుగలేదని అర్జీదారు మొదట కొంత ఆధారము చూపవలెను. చూపినచో, తమకు నిజముగా ఏమి నష్టము కలిగినదో మండలివారు విశదముగా చెప్పవలెను. ఊరక 'ఆలస్యమైనది గనుక నష్టమే' అనరాదు అని న్యాయస్థానము వ్రాసినది. కాని 2024లో న్యూయార్కు నగరపు చెరసాలకు సంబంధించిన ఒక తీర్పులో మరల పగ్గము బిగించినారు. సంగతి నమోదైన కాగితములు నగరము బీరువాలో ఉండవచ్చునన్నంత మాత్రమున నగరమునకు తెలిసినట్లు కాదనిరి. న్యాయవాది పొరపాటు చాలిన సాకు కాదనిరి.

ఇప్పుడు పురపాలక సంఘము నుండి బీమా కంపెనీ వైపునకు పోవు వంతెన యొకటి చెప్పవలెను. 2003లో న్యూయార్కు నగరము మరియొక ఉపాయము పన్నినది. కాలిబాటల బాధ్యతనే తన భుజము నుండి దింపి, ఆ కాలిబాట ప్రక్కనున్న ఇంటి యజమాని భుజముపై పెట్టినది. 2003 సెప్టెంబరు 14 నుండి కాలిబాట పలక లేచినను, మంచు తీయకపోయినను, గాయపడినవానికి జవాబుదారి ఆ యజమానియే. ఒకటి మొదలు మూడు కుటుంబముల వరకు కాపురముండు ఇల్లై, యజమానియు అందులో నివసించుచు, కేవలము నివాసమునకే వాడుకొనుచున్నచో మినహాయింపు కలదు. తక్కిన యజమానులు ఇట్టి ప్రమాదములకై బీమా తీసికొనియుండవలెనని కూడ శాసించిరి. కనుక క్రింద దుకాణము పెట్టి పైన కాపురమున్న మన తెలుగు సోదరునికి ఈ మినహాయింపు వర్తింపదు. అతడు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

కాలిబాట యనగా ఎంతవరకు? 2008లో ఒక సరదాయైన వివాదము వచ్చినది. కాలిబాట నడుమ చెట్టు కొరకు విడిచిన పాదులో కాలు పడి ఒకరు గాయపడిరి. చెట్టు పాదు కాలిబాటలో భాగమా కాదా? కాదని న్యాయస్థానము నిర్ణయించినది. పలకపై పడినచో యజమాని, జానెడు ప్రక్కన పాదులో పడినచో నగరము! 2019 తీర్పు యజమానులకు ఇంకను భారమైనది. స్థలమును పూర్తిగా కౌలుకిచ్చి, కాలిబాట శుభ్రముచేయు పనిని కౌలుదారునకు ఒప్పజెప్పినను, గాయపడినవాని ఎదుట యజమాని బాధ్యత తొలగదని అందులో తేల్చిరి. కౌలుదారు నుండి తరువాత వసూలు చేసికొనుట వారిలో వారి సంగతి.

ఇట్లు బాధ్యత యజమానిపై పడగా, దాని వెనుక బీమా కంపెనీ నిలుచున్నది. ఇక్కడ మరల నోటీసు. న్యూయార్కులో చాలకాలము చెల్లిన నియమము మిక్కిలి కఠినము. సకాలములో తెలియజేయుట పాలసీకి మూలమైన షరతు; ఆలస్యమువలన కంపెనీకి దమ్మిడీ నష్టము కలుగకపోయినను పాలసీ చెల్లదు. 1972 తీర్పు ఈ నియమమును గట్టిపరచినది. సాక్షులు మరచిపోకముందే విచారించుటకు, మోసమును కనిపెట్టుటకు, సొమ్ము ప్రత్యేకించుటకు కంపెనీకి అవకాశము కావలెనని దీనికి కారణము చెప్పుదురు. కారణము సబబైనదే. కాని అవకాశము నిజముగా పోయినదా యని అడుగకుండుట సబబు కాదు. 2005లో ఉన్నత న్యాయస్థానము మంచుపై జారిపడిన దావా యొకదానిలో ఏడాదికి పైగా ఆలస్యము చేసిన యజమానిని ఈ నియమము క్రిందనే వట్టి చేతులతో పంపినది. అదే సంవత్సరము మోటారు ప్రమాదములకు సంబంధించిన ఒక అదనపు బీమా విషయమున మాత్రము, ప్రమాదమును ముందే తెలిపి క్లెయిమును ఆలస్యముగా తెలిపినచో కంపెనీ తన నష్టమును చూపవలెనన్నది. కోర్టు తనంతట కొంతదూరము నడచి ఆగినది.

మిగిలిన దూరము శాసనసభ నడచినది. 2008లో చేయబడిన సవరణ 2009 జనవరి 17 నాటి నుండి క్రొత్తగా ఇయ్యబడు బాధ్యత బీమా పాలసీలకు వర్తించుచున్నది. దాని ప్రకారము ఆలస్యమొక్కటే చాలదు. ఆ ఆలస్యమువలన తనకు నిజమైన నష్టము కలిగియుండవలెను. తెలియవలసిన గడువు నుండి రెండేండ్లలోపల తెలిపినచో ఆ నష్టమును రుజువు చేయు భారము కంపెనీది. రెండేండ్లు దాటినచో నష్టము లేదని చూపు భారము ఇవతలివారిది. కోర్టు తీర్పో రాజీయో ముగిసిన తరువాత తెలిపినచో మాత్రము నష్టము కలిగినట్లే. గాయపడినవాడు సయితము తానే కంపెనీకి తెలుపవచ్చునని ఆ చట్టము పూర్వము నుండియు చెప్పుచున్నది. యజమాని అశ్రద్ధకు గాయపడినవాడు బలికాకుండుటకు ఇది మంచి ఏర్పాటు.

నోటీసు కత్తికి రెండవ అంచును ఉన్నది. ఆ రాష్ట్రములో జరిగిన ప్రమాదమువలన మరణమో గాయమో కలిగినప్పుడు, చెల్లింపమని చెప్పదలచిన కంపెనీ ఆ సంగతిని వీలైనంత త్వరగా వ్రాతగా తెలియజేయవలెను. 2003లో ఒక కంపెనీ, వేరెవరిదైన బీమా కలదేమో వెదకుచు 48 దినములు జాగుచేసి, పిమ్మట 'మీరు ఆలస్యముగా తెలిపినారు' అని వ్రాసినది. నిరాకరణకు కారణము నీకు మొదటనే తెలిసియుండగా 48 దినముల జాగు సమంజసము కాదని న్యాయస్థానము చెప్పి, ఆ నిరాకరణమునే నిరాకరించినది. పరుల ఆలస్యమును లెక్కించువారు తమ గడియారమును సరిచూచుకొనవలెనన్న మాట.

ఇప్పుడు రెండింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. లాభమునకై వ్యాపారము చేయు బీమా కంపెనీని చట్టము, 'నీకు నష్టమేమి కలిగినది?' అని అడుగుచున్నది. పన్నులు పుచ్చుకొని వీధులను కాపాడవలసిన నగరమును, ముందస్తు నోటీసు విషయమున, ఆ ప్రశ్న అడుగుటయే లేదు. గొయ్యి ఉన్నట్లు నగరపు మేస్త్రీకి కంటితో తెలిసియున్నను, కాగితము లేకపోవుటవలన నగరమునకు ఏమి లోటు కలిగినదో ఎవరును విచారింపరు. ప్రజాధనమును కాపాడవలెనన్నది నగరము సమాధానము. ఆ మాటను మేము తేలికగా తీసివేయము. కాని విరిగిన కాలి ఖర్చు ఎక్కడికిని పోదు. నగరము భరింపనిచో పడినవాడు భరించును.

మన దేశపు సుప్రీం కోర్టు ఈ విషయమున వేరు త్రోవను నడచినది. ఢిల్లీ చాందినీ చౌకులోని గడియారపు గోపురము కూలి కొందరు మరణింపగా, లోపము పైకి కనబడలేదన్న కార్పొరేషను వాదమును 1966లో త్రోసివేసి, సుమారు 80 ఏండ్ల కట్టడమును పరీక్షింపకుండుటయే తప్పనిరి. ఎరుగకపోవుటయే అపరాధమైనది. కాని 1997లో రాజకోటలో దారిని పోవువానిపై చెట్టు కూలిన దావాలో, అది పడునని కార్పొరేషను ఊహింపదగిన ఆధారము లేదని పరిహారము నిరాకరించిరి. బీమా విషయమున 2020లో ముగ్గురు న్యాయమూర్తుల పీఠము, ట్రాక్టరు దొంగిలింపబడిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేసినవాడు కంపెనీకి ఆలస్యముగా తెలిపినంత మాత్రమున క్లెయిము కోల్పోడని చెప్పినది.

న్యూయార్కులోనున్న మనవారు మనస్సున ఉంచుకొనవలసినవి ఈ తీర్పుల నుండియే తేలుచున్నవి. వీధిలోని లోపమును నోటిమాటగా గాక వ్రాతగా, ఆ ఊరి నియమావళి చెప్పిన అధికారికి తెలిపి, అందినట్లు వచ్చు సంఖ్యను దాచుకొనవలెను. తమ ఇంటి ముందు ఎవరు పడినను, వారు లేచి నవ్వుచు పోయినను, కంపెనీకి ఆ వారములోనే వ్రాయవలెను. తాము పడినచో 90 దినములను వ్రేళ్లపై లెక్కించుకొనవలెను.

హడ్సన్ నది దాటి న్యూజెర్సీకి పోయినచో లెక్క మారును. అచ్చటను ప్రభుత్వ సంస్థలకు క్లెయిము నోటీసు 90 దినములలోనే ఇయ్యవలెను. కాని గొయ్యిని గూర్చి ముందుగా ఎవరో ఉత్తరము వ్రాసియుండవలెనన్న నియమమును రాష్ట్ర చట్టము పెట్టలేదు. చాలకాలముగా కనబడుచున్న లోపము సంస్థకు తెలిసియుండ వలసినదే యని వాదింపవచ్చును. దానికి బదులు వేరొక మెట్టు ఎక్కవలెను: సంస్థ ఊరకుండుట స్పష్టముగా అసమంజసమని రుజువు చేయవలెను. బీమా నోటీసు ఆలస్యమైనప్పుడు కంపెనీ తన నష్టమును చూపవలెనన్న నియమమును మాత్రము న్యూజెర్సీ సుప్రీం కోర్టు, న్యూయార్కు శాసనసభ కంటె నలువదేండ్లు ముందుగా, 1968లోనే స్థాపించినది. అచ్చట సుప్రీం కోర్టు అనగా నిజముగా పై కోర్టే.